నలుపా, నీలమా

జావా కొండల్లోని మా వొనొసొబోలో జూలై నెలలో వాన ఉండదు కానీ చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. పైన దియెంగ్ కొండల మీద తెల్లారేసరికి బంగాళాదుంప ఆకుల మీద మంచు గడ్డకట్టి, పదింటికల్లా ఆకులన్నీ కాల్చినట్టు నల్లబడతాయి. విషపు మంచు అంటాం దాన్ని. రైతులకు అది ఏడుపు కాలం, మా ఇంటికి పని కాలం. రోడ్లు పొడిగా ఉంటాయి గనక మోటార్‌సైకిల్ క్లబ్బుల వాళ్ళకు దూరదేశాలన్నీ అప్పుడే గుర్తొస్తాయి.

ఆ ఏడాది పాక్ రుస్మన్ గారి క్లబ్బు ఫ్లోరెస్ దీవి కొసదాకా వెళ్ళి రావాలని తీర్మానించుకుంది. పెద్దవాళ్ళను మేము పాక్ అంటాం, అయ్యగారూ అన్నట్టు. ఎనిమిది బళ్ళు. ఒక్కోదానికి మంచులో దారి చూపే రెండు పసుపు దీపాలు, లారీవాడికి కూడా వినపడే హారన్, ఫోను చార్జరు బిగించాలి. చలికి ఓర్వలేని ఇద్దరు హ్యాండిల్ పిడులు వెచ్చబెట్టే సరంజామా కూడా తెచ్చుకున్నారు. ఇవన్నీ మా మామగారు పాక్ తర్ముజి చేత్తోనే జరగాలని క్లబ్బు వాళ్ళ పట్టు. ఊళ్ళో ఇంకో నాలుగు షాపులున్నాయి. అయినా ఎనిమిది బళ్ళూ మా గుమ్మం ముందే వరస కట్టాయి.

నేను ఆయన కోడల్ని, పేరు వెనింగ్. షాపు పక్కన చిన్న బల్ల వేసుకుని నూడుల్సూ, పులియబెట్టిన సోయాగింజలతో వేడివేడి తెంపె బజ్జీలూ అమ్మేదాన్ని. నా మొగుడు ప్రప్తో బంగాళాదుంపల లారీ తోలతాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పెళ్ళయిన ఆరేళ్ళలో మామగారు నన్ను ఒక్క తీగ ముట్టుకోనివ్వలేదు. "నూనె చేతులు" అనేవారు. నా చేతులకు నూడుల్స్ నూనె ఉండేది, ఆయన చేతులకు ఇంజిన్ నూనె. రెండిట్లో ఏది మురికో ఆయనకే తెలియాలి.

ఆ షాపులో గోడకు ఒక మేకు ఉండేది. దానికి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన టెస్ట్ లాంపు వేలాడుతూ ఉండేది. పిడిలో బుల్లి బల్బు ఉన్న ములుకు అది. కరెంటున్న తీగకు గుచ్చితే వెలుగుతుంది. ముప్ఫై ఏళ్ళ కింద ఎవరో కానుకగా ఇస్తే, మామగారు కవరు కూడా విప్పకుండా అక్కడ తగిలించారు. వచ్చిన ప్రతివాడికీ చూపించి, "కళ్ళున్నవాడికి దీపమెందుకయ్యా?" అనేవారు. తీగను చూపుతోనే పోల్చి పట్టుకోవడం ఆయన ప్రతాపం. ఏ కంపెనీ బండిలో ఏ రంగు తీగ ఏ పని చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

మొదటి బండి విప్పిన రోజు పొద్దున్న ఉన్నట్టుండి నన్ను పిలిచారు.

"వెనింగ్, ఇలా రా. ఈ తీగ ఏ రంగు?"

చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళాను. "నలుపు, పాక్."

"దాని పక్కది?"

"నీలం. ఎందుకు పాక్, నేనేమైనా చిన్నపిల్లనా రంగులు చెప్పడానికి?"

"ఎన్నాళ్ళు నూడుల్స్ ఉడకబెడతావు? నేర్చుకో. నలుపు తాళం తిప్పగానే మేలుకుంటుంది. నీలం మాత్రం హెడ్‌లైటు హైబీమ్‌లో పైకెత్తినప్పుడే మేలుకుంటుంది. రెండూ పక్కపక్కనే పడుకుంటాయి, అప్పచెల్లెళ్ళలా. ఒకదాన్ని లేపబోయి ఇంకోదాన్ని లేపావో, బండి పరువు పోయిందే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆరేళ్ళు మూసుకున్న తలుపు ఇంత తేలిగ్గా తెరుచుకుంటుందా? ఆ రోజు నూడుల్స్ మాడిపోయాయి. ఇద్దరు గిరాకీలు తిట్టుకుంటూ వెళ్ళారు. నేను మాత్రం పండగ చేసుకున్నాను.

అప్పట్నుంచి రోజూ పాఠమే. కొత్త దీపాలకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగలో వస్తుంది, మధ్యలో రిలే అనే చిన్న డబ్బా. ఆ డబ్బాను మేలుకొలిపే సన్న తీగను బండి సొంత తీగల్లో నలుపుకు కలపాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. తీగ కట్టాక హ్యాండిల్ ఎడమ కొసకూ కుడి కొసకూ తిప్పి చూడాలి. "నిటారుగా ఉన్నప్పుడు అన్ని తీగలూ బుద్ధిమంతులే," అనేవారు మామగారు. "మలుపులో తెలుస్తుంది ఎవడి బతుకేమిటో."

ప్రతి తీగ దగ్గరా ఆయన ఆగి, "ఇదేం రంగు?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన "ఊఁ, ఫరవాలేదు" అని దాన్ని కత్తిరించి కలిపేవారు. ఆ "ఫరవాలేదు" కోసం నేను పొద్దున్నే లేచి పిండి కలిపి, పనులన్నీ తెమల్చుకుని వచ్చేదాన్ని. ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను పెళ్ళయిన కొత్తలో కూడా లేను. ఈ మాట ప్రప్తో వింటే ఏమనుకుంటాడో అనుకోనీ.

నాలుగో బండి పూర్తయిన శుక్రవారం, మామగారు మసీదు నుంచి వచ్చిన పావుగంటకు పక్కింటి పాక్ సుగెంగ్ ఒంటికాలి చెప్పుతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"తర్ముజీ, నా నీలం చెప్పు నీ కాలికి బాగా నచ్చిందా ఏం? నీ నల్లది అక్కడే ఏడుస్తోంది."

మామగారు కాళ్ళకేసి చూసుకున్నారు. ఒకటి నలుపు, ఒకటి నీలం. "నీ చెప్పు గతి ఎలా ఉందో చూద్దామని తెచ్చాను," అన్నారు. "అరిగిపోయింది. కొత్తవి కొనుక్కో, పిసినారీ."

సుగెంగ్ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత గిన్నెలు కడుగుతుంటే ఆ నలుపు చెప్పు, నీలం చెప్పు మళ్ళీ గుర్తొచ్చాయి.

మర్నాడు అయిదో బండి హెడ్‌లైటు ఊడదీశాం. వెనక గిన్నెలో తీగల గుత్తి. ఆయన ఒకటి పట్టుకుని, "ఇదేం రంగు?" అన్నారు. అది నీలం. ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, వేళాకోళానికి అన్నాననే అనుకుంటాను.

"నలుపు, పాక్."

"ఊఁ, ఫరవాలేదు," అని ఆయన కత్తెర తీసుకున్నారు.

"ఆగండి పాక్! నీలం. నోరు జారింది."

కత్తెర గాల్లోనే నిలిచింది. ఆయన నావైపు తిరగలేదు. "తెలుసు," అన్నారు. "నువ్వు దిద్దుకుంటావో లేదో చూస్తున్నా."

ఆ మాటలో తొణుకు లేదు, బెణుకు లేదు. కానీ కత్తెర కింద పెట్టి, గుత్తంతా మళ్ళీ మొదట్నుంచి వెతకడం నేను చూశాను. ఇన్నాళ్ళూ జరుగుతున్నది పాఠం కాదని అప్పుడు అర్థమైంది. ఆయన నాకు చదువు చెప్పడం లేదు, నా కళ్ళు వాడుకుంటున్నారు. ఏడుపొచ్చింది. నా కోసమా, ఆయన కోసమా అంటే, ముందు నా కోసమే అని ఒప్పుకుంటాను. ఆ "ఫరవాలేదు" అన్నీ ఉత్తవే కదా అని. ఆయన మీద జాలి తర్వాత వచ్చింది, రాత్రి అన్నం దగ్గర, ఆయన పచ్చిమిరపకాయ అనుకుని చిక్కుడుకాయ ఏరి పక్కన పెట్టుకుంటుంటే.

ప్రప్తోకు ఫోన్ చేశాను. "నాన్న కళ్ళకు ఏదో అయింది. శుక్లమనుకుంటా. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"నువ్వు చెప్పకు," అన్నాడు వెంటనే. "నేనూ చెప్పను. ఆయనే చెప్పాలి."

"ఆయన చెప్పరు."

"చెప్పరు," అని ఒప్పుకున్నాడు నా మహానుభావుడు. "అయినా మనం చెప్పకూడదు."

మా జావాలో ఇదొక జబ్బు. పెద్దవాళ్ళ తప్పు మొహాన చెప్పడమంటే చెంప మీద కొట్టడమే. చుట్టూ తిరిగి తిరిగి చెప్పాలి, దారి దొరక్కపోతే నోరు కుట్టేసుకోవాలి. నేనూ కుట్టేసుకున్నాను. ఆయన "ఏం రంగు?" అంటే రంగు చెప్పాను. ఆయన "ఫరవాలేదు" అంటే తల వంచుకున్నాను. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం తెలియనట్టే ఆరో బండి, ఏడో బండి ముగించాం. పని మాత్రం నిజంగానే వచ్చింది. ఏడో బండికి తీగలన్నీ నేనే లాగాను. ఆయన వేళ్ళతో తడిమి చూసి, "ఇక్కడ బిగుతు, మలుపులో తెగుతుంది," అని ఒక్కచోట దిద్దించారు. ఆయన వేళ్ళకు తప్పు దొరికేది. రంగే దొరికేది కాదు.

ఎనిమిదోది మాస్ దమర్ బండి, కుర్రవాళ్ళను మర్యాదగా మాస్ అంటాం. దమర్ బడిపంతులు, పాతికేళ్ళవాడు. మొదటిసారి అంత దూరం వెళ్తున్నాడు. ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. సరిగ్గా అప్పుడే దియెంగ్ కొండ మీది పుట్టింటి నుంచి మా అమ్మ కబురు పెట్టింది. ఇవ్వాళో రేపో గట్టి మంచు పడేలా ఉంది, దుంపలు ఈలోపే తవ్వెయ్యాలి, మనుషులు చాలడం లేదు, రమ్మని.

"పాక్, దమర్ బండి రేపు చేద్దాం. నేను సాయంత్రానికి వచ్చేస్తా," అన్నాను.

"వెళ్ళు. దుంపలు ఆగవు."

"బండి ఆగుతుంది కదా?"

"వెళ్ళమన్నానా?"

రోజంతా మట్టిలో వంగి తవ్వాను. నడుం పడిపోయింది. కానీ మనసు దుంపల మీద లేదు. తిరిగొచ్చేసరికి దమర్ బండి గుడ్డ కప్పుకుని ఒక మూల నిలబడి ఉంది. పనిముట్లన్నీ తుడిచి పెట్టేసి ఉన్నాయి.

"అయిపోయిందా పాక్?"

"అయిపోయింది."

"ఒకసారి చూడనా?"

"నా చేత్తో చేసినదాన్ని నువ్వు చూసేదేమిటి?" అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచరు. "ఎల్లుండి ప్రార్థన విందుకు వంద పనులున్నాయి. పొయ్యి సంగతి చూసుకో."

మర్నాడంతా వంటలోనే పోయింది. ఆయన షాపులోంచి కదల్లేదు. దమర్ బండి దగ్గరికి నేను వెళ్ళబోయిన ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి పంపారు. ఆయనకూ అనుమానంగానే ఉందని అప్పుడే తెలిసింది నాకు.

బయల్దేరే రోజు పొద్దున్నే పసుపన్నం కొండలా పోసి, చుట్టూ కోడికూర, గుడ్లు, వేయించిన తెంపె సర్ది షాపు ముందు చాప మీద పెట్టాను. దూర ప్రయాణానికి ముందు ఇది చేయకుండా మా వైపు ఎవరూ బండెక్కరు. మసీదు పెద్దాయన క్షేమం కోరుతూ దువా చదివారు. ఎనిమిది మంది చేతులు చాచి ఆమీన్ అన్నారు. దమర్ వాళ్ళమ్మ కూడా వచ్చింది. కొడుకు జాకెట్టు పట్టుకుని వదలడం లేదు. పాక్ రుస్మన్ కత్తి తీసుకున్నారు. ఆ అన్నం కొండ కొస కోసి, అక్కడున్న వాళ్ళలో గౌరవనీయుడి చేతిలో పెట్టాలి. ప్రతి ఏడూ అది మామగారికే.

ఇంకో పది నిమిషాల్లో ఎనిమిది బళ్ళూ కదులుతాయి. మొదటి రోజే కొండదారి, మంచు, మలుపులు. దమర్ బండిలో ఆ తీగ నలుపో నీలమో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, కట్టినవాడికి కూడా. చెప్తే నలుగురిలో మామగారి ముప్ఫై ఏళ్ళ పేరు నా చేతులతో నేనే గంగలో కలిపినట్టు. చెప్పకపోతే ఆ తల్లి మొహం ఎలా చూడాలి?

నోరు దానంతటదే తెరుచుకుంది.

"పాక్, ఒక్క మాట. ఈ నెలంతా నాకు పాఠం చెప్పారు. ఇంతవరకు పరీక్ష పెట్టలేదు. అందరూ ఉన్నారు, ఇప్పుడు పెట్టండి."

పాక్ రుస్మన్ కత్తి ఆపి నవ్వారు. "ఓహో! కోడలు పట్టా అడుగుతోందయ్యా!"

"మీరొక్కరే మీ చేత్తో చేసిన బండి దమర్ గారిదొక్కటే," అన్నాను మామగారి కళ్ళలోకి చూడకుండా. "దాన్ని విప్పి మీరేం చేశారో చెప్తాను. తప్పయితే రేపట్నుంచి మళ్ళీ నూడుల్సే."

"పెట్టండి పాక్, పెట్టండి!" క్లబ్బు వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళకది వినోదం.

మామగారు నన్ను చాలాసేపు చూశారు. ఎంత కనిపించిందో తెలియదు. "సరే," అన్నారు.

నేను తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి మేకుకున్న కవరు తీశాను. చినిగి దుమ్ము రాలింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ టెస్ట్ లాంపు బయటికి వచ్చింది. ఎవరో "అయ్యో, దాన్ని ముట్టుకుందే!" అన్నారు. మామగారు పక్కకు జరిగి దారిచ్చారు.

"మాస్ దమర్, తాళం తిప్పండి."

పసుపు దీపాలు రెండూ భగ్గున వెలిగాయి. అందరూ ఆహా అన్నారు.

"హెడ్‌లైటు పైకే ఉందా?"

"పైకే ఉంది, అక్కా."

"ఎదురుగా లారీ వచ్చిందనుకోండి. కిందికి దించండి."

టక్కుమని స్విచ్చి నొక్కాడు. పసుపు దీపాలు రెండూ ఆరిపోయాయి.

ఇంకోసారి పైకెత్తించాను, వెలిగాయి. దించమన్నాను, ఆరాయి. మంచులో హెడ్‌లైటు పైకెత్తితే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు, దించి తీరాలి. దించిన క్షణంలోనే ఈ దీపాలు పోతాయి. అంటే ఏ మలుపు కోసం వీటిని బిగించామో ఆ మలుపులోనే. చప్పట్లు కొట్టిన చేతులన్నీ కిందికి దిగాయి. దమర్ వాళ్ళమ్మకు బండి సంగతులేమీ తెలియవు గానీ, అందరి మొహాలూ చూసి కొడుకు చెయ్యి పట్టుకుంది.

హెడ్‌లైటు విప్పాను. లాంపు గుచ్చాల్సిన అవసరం కూడా లేకపోయింది, కంటికే కనిపిస్తోంది. అయినా గుచ్చాను. రిలే సన్న తీగ చక్కగా, ముచ్చటగా, ఆయన తప్ప ఇంకెవరూ కట్టలేనంత అందంగా నీలం తీగకు కట్టి ఉంది.

దానికీ ఒక దారి దీపాలు ఆరినప్పుడే ఆలోచించి పెట్టుకున్నాను. లేచి నిలబడి, వీలైనంత నవ్వు తెచ్చుకుని అన్నాను. "దొరికింది పాక్! నలుపుకు బదులు నీలానికి కట్టారు. నేను పట్టుకుంటానో లేదో అని కావాలనే కదా?"

పాక్ రుస్మన్ ఊపిరి పీల్చుకున్నారు. "అదీ సంగతి! గురువంటే అలా ఉండాలి. నేను హడలి చచ్చాను కదయ్యా!" అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. దారి చక్కగా తెరిచి ఉంది. ఆయన ఊఁ అంటే చాలు.

మామగారు బండి దగ్గరికి వచ్చారు. వంగి, ఆ రెండు తీగలనూ వేళ్ళ మధ్య పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"కాదు," అన్నారు. "నాకు కనబడలేదు."

పాక్ రుస్మన్ కత్తి చాప మీద పెట్టేశారు.

"రెండూ నల్లగానే ఉన్నాయి నాకు. ఏడాదిగా ఇంతే." దమర్ వైపు తిరిగారు. "బాబూ, నిన్నంతా ఈ బండి పక్కనే కూర్చున్నాను. కోడల్ని ఒక్క మాట అడగడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది. మిగతా ఏడు బళ్ళకు భయం లేదు, వాటిని చూసిన కళ్ళు ఈ అమ్మాయివి."

దమర్ "ఫరవాలేదు, పాక్," అన్నాడు. ఎంత మామూలు మాట అది! నెలంతా నేను కాచుకున్నది ఆ మాట కోసమే.

ఆ తీగ మార్చడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మామగారు పక్కన స్టూలేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ అందించారు. కత్తెర అన్నప్పుడు కత్తెర, టేపు అన్నప్పుడు టేపు. అయ్యాక హ్యాండిల్ రెండు కొసలకూ తిప్పి చూశాను. హెడ్‌లైటు దించాను, ఎత్తాను, దించాను. పసుపు దీపాలు కదలకుండా వెలుగుతూనే ఉన్నాయి. పాక్ రుస్మన్ చల్లారిన అన్నం కొండ కొస కోసి మామగారికిచ్చారు. ఆయన వద్దన్నారు. "తిను తర్ముజీ," అన్నారు రుస్మన్. "ఈ ఏడే నీకు ఇది నిజంగా చెల్లింది." తిన్నారు. నాకు ఒక్క మెతుకు పెట్టలేదు. నేనూ ఆశించలేదు, అది ఆయనదే.

ఎనిమిది బళ్ళూ నెలకు తిరిగొచ్చాయి. దమర్ ఎండకు మాడి, నాకొక నేత శాలువా తెచ్చాడు. మలుపులో మంచు కమ్మి, ఎదురుగా లారీ వచ్చినప్పుడు హెడ్‌లైటు దించాననీ, దించుతూ గుండె చిక్కబట్టుకున్నాననీ, పసుపు దీపాలు ఉన్నాయనీ చెప్పాడు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

ఈలోగా మామగారి కుడి కంటి శుక్లం తీశారు. కట్టు విప్పిన మర్నాడు నల్లద్దాలు పెట్టుకుని షాపులోకి వచ్చి, గోడకేసి చూసి గతుక్కుమన్నారు.

"ఈ గోడకు ఇంత మెరిసే నీలం ఎవడు వేశాడే? కళ్ళు పోతున్నాయి."

"మీరే, పాక్. ఏడాది కింద. బూడిద రంగు తెచ్చానని చెప్పి."

"మరి చెప్పొద్దూ?"

"మీకు ఎవరు చెప్తారు?"

ఆయన ముక్కుతో నవ్వి స్టూలు మీద కూర్చున్నారు. నేను సెమరంగ్ నుంచి వచ్చిన ఒక బండికి తీగలు లాగుతున్నాను. మేకుకు ఇప్పుడు కవరు లేకుండానే టెస్ట్ లాంపు వేలాడుతోంది. కాసేపు ఆయన నా చేతులకేసి ఊరికే చూశారు. తర్వాత ముందుకు వంగి, గుత్తిలోంచి ఒక తీగ పైకి లాగారు.

"వెనింగ్, ఇదేం రంగు?"

నేను తలెత్తకుండానే, "మీకు కనబడుతోందిగా పాక్, నన్నెందుకు అడగడం?" అన్నాను.

"కనబడుతోంది. అందుకే అడుగుతున్నా. ఇప్పుడు నిజం పరీక్ష."

చేతిలో పని పక్కన పెట్టాను. తీగను వెలుతురు వైపు తిప్పి, రెండుసార్లు చూసి, అప్పుడు చెప్పాను.